విజ్ఞాన సర్వస్వంలో ముస్లిం పేర్లు: ఒక పరిశీలన

ఒక విషయం తెలుసుకోగోరే విద్యార్థి ఈనాడు మొట్టమొదట గ్రంథాలయానికి పోవడం లేదు. చేతిలోని ఫోనులో ఒక పేరు రాస్తాడు. ఎదురుగా వచ్చిన పుటను చదువుతాడు. ఆ పుట చాలాసార్లు వికీపీడియాది అయి ఉంటుంది. 2001 జనవరిలో ఇంగ్లీషులో ఆరంభమైన ఈ విజ్ఞాన సర్వస్వం 2003 డిసెంబరు నుండి తెలుగులో కూడా ఉన్నది. ఇందులో ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. అచ్చు విజ్ఞాన సర్వస్వాలకు ఉండే సంపాదకవర్గం దీనికి లేదు. ఆ లోటు పూడ్చుకునేందుకు రచయితలు తమలో తాము చర్చించుకొని కొన్ని నియమాలు ఏర్పరచుకున్నారు. వాటిలో వ్యాసానికి పేరు పెట్టే నియమాలు ముఖ్యమైనవి.

ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు. లోపలి విషయం సరిగా ఉంటే చాలదా, పైనున్న పేరుతో పనేమి అని ఎవరైనా అడగవచ్చు. కాని పేరు తెలియనివానికి విషయం దొరకదు. పేరు తప్పుగా తెలిసినవానికి మరొకరి విషయం దొరుకుతుంది. ఈ రెండవది మొదటిదానికంటె ప్రమాదకరం. ఒకరి మాటను మరొకరికి అంటగట్టడం ఎంత పెద్ద దోషమో హదీసు శాస్త్రంతో పరిచయం ఉన్నవారికి చెప్పనవసరం లేదు.

ఈ నియమాల విషయంలో మనవారి నుండి తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటి ఉన్నది. దైవప్రవక్త ముహమ్మద్ (స) గారి మీద ఇంగ్లీషులో ఉన్న వ్యాసానికి కేవలం ‘ముహమ్మద్’ అనే శీర్షిక ఉన్నదనీ, గౌరవవచనాలేవీ లేవనీ బాధపడుతుంటారు. ఆ బాధలో ప్రేమ ఉన్నది. దానిని తేలికగా చూడరాదు. అయినా ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది వేరు. మన ఫిర్యాదు చేరవలసిన చోటికి చేరడం లేదనీ, అసలు లోపం మరొకచోట ఉన్నదనీ, దానికి మందు మన పూర్వ పండితుల వద్దనే ఉన్నదనీ నా అభిప్రాయం.

నియమం ఏమి చెబుతుంది?

శీర్షికలను గురించి ఇంగ్లీషు వికీపీడియా అయిదు లక్షణాలు కోరుతుంది. చూడగానే పోల్చుకోగలగాలి. సహజంగా ఉండాలి. ఒకే విషయాన్ని సూచించాలి. క్లుప్తంగా ఉండాలి. తోటి శీర్షికలతో పొందిక కలిగి ఉండాలి. వీటన్నిటి వెనుక ఉన్న మూలసూత్రం వాడుక. నమ్మదగిన గ్రంథాలలో, పత్రికలలో ఆ భాషవారు ఏ పేరు ఎక్కువగా వాడుతున్నారో అదే శీర్షిక కావాలి. ఇతర పేర్లతో వెతికినవారు కూడా అక్కడికే చేరేటట్లు దారిమార్పులు పెడతారు. ఒకే పేరు పలువురికి ఉంటే వారందరినీ ఒక పుటలో చూపి ఎవరు ఎవరో విడదీస్తారు. ఈ పుటను తెలుగు వికీపీడియాలో ‘అయోమయ నివృత్తి’ అంటారు.

ఈ సూత్రంలోని మేలును ముందు ఒప్పుకోవాలి. వాడుకను పాటించని గ్రంథాలు పాఠకుని ఎంత ఇబ్బంది పెడతాయో మనకు తెలియనిది కాదు. ఇబ్న్ ఖల్లికాన్ (1211–1282) రచించిన ‘వఫయాతుల్ అఅయాన్’ మహత్తరమైన జీవితచరిత్ర కోశం. ఆయన అందులోని పేర్లను అక్షరక్రమంలో అమర్చాడు గాని, ప్రసిద్ధమైన పేరును బట్టి కాదు, తల్లిదండ్రులు పెట్టిన పేరును బట్టి. అందుచేత ఇమాం అబూ హనీఫాను నుఅమాన్ అనే పేరు కింద వెతుక్కోవాలి. ఇమాం షాఫియీ, ఇమాం గజాలీ ఇద్దరూ ముహమ్మద్ అనే పేరు కింద ఉంటారు. ఆ సంగతి ముందే తెలిసినవానికి గాని గ్రంథం అక్కరకు రాదు. ఖతీబ్ బగ్దాదీ (1002–1071) తన బగ్దాదు చరిత్రలోను, సఫదీ (మరణం 1363) తన ‘అల్ వాఫీ’లోను అక్షరక్రమాన్ని కూడా పక్కనబెట్టి, ముహమ్మద్ అనే పేరుగలవారిని అందరికంటె ముందు నిలిపారు. అది భక్తితో చేసిన పని. వెతికేవానికి అది సులువా అనేది వేరే ప్రశ్న.

ఐరోపా పండితులు లైడెన్‌లో అచ్చువేయించిన ‘ఇస్లాం విజ్ఞాన సర్వస్వం’ మరొక దారి పట్టింది. రచన ఇంగ్లీషులో ఉన్నా విషయాల శీర్షికలు చాలావరకు అరబీవి. దాని రెండవ ముద్రణలో కాఫీని గురించి తెలుసుకోవాలంటే ‘కహ్వా’ అనీ, ఏనుగును గురించి అయితే ‘ఫీల్’ అనీ వెతకాలి. అరబీ ‘జీమ్’ అక్షరాన్ని వారు రెండు ఇంగ్లీషు అక్షరాలతో, డి తరువాత జె ఉంచి రాశారు. కనుక రసాయన శాస్త్రవేత్తగా పేరుపొందిన జాబిర్ ఇబ్న్ హయ్యాన్ ‘డి’ అక్షరం కింద కనిపిస్తాడు. 2007లో మొదలైన మూడవ ముద్రణలో ఆ పద్ధతి మార్చుకొని ఆయనను ‘జె’ కిందికి తెచ్చుకున్నారు. పండితుల సౌకర్యానికి ఏర్పడిన పద్ధతి సామాన్య పాఠకునికి గోడ అయింది. వీటితో పోల్చి చూస్తే వాడుక సూత్రం ప్రజల పక్షాన నిలిచినదే.

వాడుక ఎవరిది?

అయితే ఆ సూత్రంలో ఒక ప్రశ్నకు జవాబు లేదు. వాడుక అంటే ఎవరి వాడుక?

ఒకప్పుడు తెలుగు పత్రికలలో మనలను ‘మహమ్మదీయులు’ అని రాయడం మామూలు. మన ధర్మం ‘మహమ్మదీయ మతం’. మనం దైవప్రవక్త (స) ను ఆరాధించేవారమన్న అపార్థం ఆ పేరులోనే దాగి ఉన్నది. ఖుర్‌ఆన్ ఈ ధర్మానికి పెట్టిన పేరు ఇస్లాం. ఆ రోజులలో అచ్చయిన కాగితాలను లెక్కబెట్టి శీర్షిక నిర్ణయించి ఉంటే ఏ పేరు గెలిచేదో ఊహించవచ్చు. లెక్కలో తప్పు ఉండేది కాదు. లెక్కించిన నోళ్లలో పేరుగలవారి నోరు తక్కువ. అంతే.

ఇంగ్లీషులో ఇబ్న్ సీనా వ్యాసానికి ‘అవిసెన్నా’ అనీ, ఇబ్న్ రుష్ద్ వ్యాసానికి ‘అవెర్రోస్’ అనీ శీర్షికలు ఉన్నాయి. దీనిని అవమానంగా తీసుకోనక్కరలేదు. మధ్యయుగంలో లాటిను అనువాదాల ద్వారా ఐరోపాకు తెలిసిన పేర్లు అవి. ఆ పేర్లతోనే వారు ఈ మహనీయుల గ్రంథాలు చదువుకున్నారు. వారి వాడుక వారిది. కాని ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేసే రచయిత ఆ పేరును కూడా అట్లాగే దించుకుంటే, అది వాడుక సూత్రానికే విరుద్ధం. తెలుగువారిలో ఎవరికి అది వాడుక? యునానీ వైద్యాన్ని ఎరిగిన మన పట్టణాలలో ఆ పేరు ఇబ్న్ సీనా, లేక ఉర్దూ ధోరణిలో ఇబ్నె సీనా. ‘ఉమర్’ను ‘ఒమర్’ చేయడం, ‘ఖలీఫా’ను ‘కాలిఫ్’ చేయడం కూడా ఇటువంటివే. ఇంగ్లీషు కళ్లజోడు పెట్టుకొని అరబీ పేరును చదవడం వలన వచ్చిన వికారాలివి. అనువాదం యంత్రాలకు అప్పగిస్తున్న ఈ రోజులలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

పేరుగలవాని ఇష్టానికి విలువ ఎంత అనే ప్రశ్న మన పూర్వులకు కూడా ఎదురయింది. బస్రాకు చెందిన హదీసు పండితుడు ఇస్మాయీల్ ఇబ్న్ ఇబ్రాహీంను లోకమంతా తల్లి పేరుతో ‘ఇబ్న్ ఉలయ్యా’ అని పిలిచేది. అట్లా పిలవడం ఆయనకు ఇష్టం లేదు. ఆ సంగతి తెలిసిన ఇమాం అహ్మద్ ఇబ్న్ హంబల్, తోటి పండితుడైన యహ్యా ఇబ్న్ మయీన్ ఆ పేరు పలికినప్పుడు వారించి, ఇస్మాయీల్ ఇబ్న్ ఇబ్రాహీం అని చెప్పమన్నాడు. యహ్యా ఆ మాటను మన్నించాడు. ఇమాం షాఫియీ మరొక విధంగా నడిచాడు. ‘ఇబ్న్ ఉలయ్యా అని పిలవబడే ఇస్మాయీల్’ అనే అర్థం వచ్చేటట్లు చెప్పేవాడు. ఇందులో పాఠకునికి కావలసిన గుర్తు ఉన్నది, పేరుగలవాని మనసు నొప్పించకుండా తప్పుకొనడమూ ఉన్నది. శీర్షికల విషయంలో తలలు పట్టుకునేవారు ఈ ఒక్క ఉదాహరణను ముందుంచుకుంటే చాలా తగవులు తీరుతాయి.

ఖుర్‌ఆన్ 49వ సూరా 11వ వాక్యం చెడ్డ మారుపేర్లతో పిలుచుకోవడాన్ని నిషేధించింది. అయినా హదీసు గ్రంథాలలో కన్నుల జబ్బును సూచించే ‘అఅమష్’, కుంటితనాన్ని సూచించే ‘అఅరజ్’ వంటి పేర్లు అడుగడుగునా కనిపిస్తాయి. మరొక విధంగా మనిషిని గుర్తుపట్టడం కష్టమైనప్పుడు, కించపరచే ఉద్దేశం లేకుండా, గుర్తు కోసం మాత్రమే వాడవచ్చునని పండితులు అనుమతించారు. అంటే గౌరవమూ గుర్తింపూ వేర్వేరు అవసరాలని వారు గ్రహించారు. ఒకదాని కోసం మరొకదానిని బలిపెట్టలేదు.

పూర్వ పండితుల పద్ధతి

పేర్ల చిక్కును వారు ఎంత లోతుగా పరిశీలించారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అది వారికి అక్షరాల ఆట కాదు. నమ్మదగిన ఉల్లేఖకుడు, నమ్మదగనివాడు ఒకే పేరుతో ఉంటే ధర్మమే తారుమారు కావచ్చు. అందుచేత వారు సమస్యను రెండుగా విడగొట్టారు. రాతలో ఒకటిగా కనిపించి పలుకులో వేరయ్యే పేర్లు మొదటి రకం. వీటి మీద దారఖుత్నీ (918–995) ప్రత్యేక గ్రంథం రాశాడు. ఇబ్న్ మాకూలా ఆ పనిని ఇంకా విస్తరించాడు. రాతలోను పలుకులోను ఒకటే అయి, మనుషులు మాత్రం వేరయ్యేవి రెండవ రకం. వీటి మీద ఖతీబ్ బగ్దాదీ గ్రంథం ఉన్నది. ఇబ్న్ అస్సలాహ్ (మరణం 1245) తన ‘ముఖద్దిమా’లో ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అనే పేరుగలవారిని ఆరుగురిని విడదీసి చూపాడు. యాఖూత్ హమవీ (మరణం 1229) మనుషులతో ఆగక, ఒకే పేరుగల ఊళ్ల మీద కూడా ఒక గ్రంథం రచించాడు. నేటి అయోమయ నివృత్తి పుటలకు ఇవి తాతముత్తాతలు.

వారు విడదీసిన విధానం కూడా గమనించదగినది. తండ్రి పేరు చాలకపోతే తాత పేరు, అదీ చాలకపోతే ఊరు, వృత్తి, గురువులు, మరణించిన సంవత్సరం. ఖుర్‌ఆన్ వ్యాఖ్యాత, చరిత్రకారుడు అయిన ముహమ్మద్ ఇబ్న్ జరీర్ తబరీ (839–923) పేరుతోనే ఒక షియా రచయిత కూడా ఉన్నాడు. ఇద్దరి పేరూ ముహమ్మద్, ఇద్దరి తండ్రీ జరీర్, ఇద్దరి ఊరూ తబరిస్తాన్. ఒకరి తాత యజీద్, మరొకరి తాత రుస్తుం. తాత పేరు దగ్గర గాని దారి చీలదు. ఆ దారి తెలియనివాడు ఒకరి గ్రంథాన్ని మరొకరి నెత్తిన పెడతాడు. కొర్దోవాకు చెందిన ఇబ్న్ రుష్ద్‌లు ఇంకా చిక్కు. తాత (మరణం 1126), మనుమడు (1126–1198) ఇద్దరూ అబుల్ వలీద్ ముహమ్మద్ ఇబ్న్ అహ్మద్ ఇబ్న్ రుష్ద్‌లే. ఇద్దరూ ఆ నగరంలో న్యాయాధిపతులే. అందుకే పెద్దాయనను ‘తాత’ అనీ, తత్త్వవేత్తను ‘మనుమడు’ అనీ చెప్పుకునే ఆచారం ఏర్పడింది.

అరబీ లిపిలో ఉమర్, అమ్ర్ అనే రెండు పేర్లకు అక్షరాలు ఒకటే. పొరపాటు రాకుండా అమ్ర్ చివర పలకని ‘వావ్’ అక్షరాన్ని చేర్చి రాయడం పరిపాటి అయింది. శబ్దానికి అక్కరలేని అక్షరం మనిషిని గుర్తించేందుకు అక్కరకు వచ్చింది. ఈనాడు వికీపీడియాకు తోడుగా 2012లో మొదలైన వికీడేటా చేసే పని కూడా ఇదే. అందులో ప్రతి విషయానికీ ఒక సంఖ్య ఉంటుంది. దైవప్రవక్త (స) గారి విషయానికి క్యూ 9458, ఇబ్న్ సీనాకు క్యూ 8011. ఏ భాషలో ఏ పేరు పెట్టినా సంఖ్య మారదు. ఒక్కొక్క భాషలో ఒక ముఖ్యనామం, దాని పక్కన ఎన్నయినా ఇతర నామాలు, కింద ఒక చిన్న వివరణ ఉంటాయి. గుర్తింపు సంఖ్యది, పిలుపు పేరుది. ఇట్లా విడదీయడం మెచ్చుకోదగిన ఏర్పాటు. కాని ఇతర నామాల గడిని, వివరణను నింపవలసింది మనుషులే. అక్కడ మనవారి చేయి పడకపోతే గడి ఖాళీగా ఉంటుంది, లేదా తెలియనివారు నింపుతారు.

తెలుగు లిపిలోని చిక్కు

తెలుగులో అచ్చులు స్పష్టం కనుక ఉమర్, అమ్ర్ కలగలసిపోవు. మన చిక్కు హల్లులతో. అరబీలోని అయిదు అక్షరాలకు మనకు ఒకే ‘జ’, మూడింటికి ఒకే ‘స’. ఉర్దూ కవి నజీర్ అక్బరాబాదీ పేరులోని ‘జ’ వేరు, కొంతకాలం హైదరాబాదు రాజ్య సేవలో ఉన్న డిప్యూటీ నజీర్ అహ్మద్ (మరణం 1912) పేరులోని ‘జ’ వేరు. మొదటి పేరుకు సాటివాడు అని అర్థం, రెండవదానికి హెచ్చరించేవాడు అని అర్థం. తెలుగులో రెండూ నజీర్. ఇబ్న్ ఖల్లికాన్ ఈ పనిని ఎట్లా చేశాడంటే, పేరు చివర ఏ అక్షరం మీద ఏ స్వరం ఉన్నదో మాటలలో విడమరచి చెప్పాడు. మనం అంత శ్రమపడనక్కరలేదు. వ్యాసం మొదటి వాక్యంలోనే పేరును అరబీ లేక ఉర్దూ లిపిలో కూడా ఇస్తే చాలు.

ఇక రూపాలు చూడండి. ముహమ్మద్, మహమ్మద్, మొహమ్మద్, మహ్మద్, మహమ్మదు. ఖుర్‌ఆన్, ఖురాన్, ఖురాను, కురాన్, కొరాను. రమజాన్, రంజాన్, రంజాను, రమదాన్. ఏ రూపంతో వెతికినా ఒకే చోటికి చేరేటట్లు దారిమార్పులు లేకపోతే ఒకే విషయం మీద రెండు మూడు వ్యాసాలు వెలుస్తాయి, ఏదీ పూర్తి కాదు.

మన నేల చరిత్రలోనే దీనికి ఉదాహరణలు ఉన్నాయి. చార్మినారును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా (పాలన 1580–1612) తరువాత ఆయన అల్లుడు సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా (1612–1626) రాజ్యానికి వచ్చాడు. మక్కా మసీదు నిర్మాణం ఈయన కాలంలో మొదలయింది. నడుమనున్న ‘కులీ’ జారిపోతే మామ పని అల్లునికీ, అల్లుని పని మామకూ పోతుంది. ఇబ్రాహీం కుతుబ్ షాను తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అన్నారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చినది ఆయనకే. చివరి సుల్తాను అబుల్ హసన్ రామదాసు కథలో ‘తానీషా’ అయ్యాడు. శీర్షిక ఏది ఉన్నా, మల్కిభరాముడని, తానీషా అని వెతికే తెలుగు పాఠకునికి దారి దొరకాలి. ఆ పేర్లు తెలుగువారు ప్రేమతో పెట్టుకున్నవి. వాటిని తుడిచివేయడం కూడా అన్యాయమే.

ఆంధ్ర ప్రాంతంలో ‘షేక్’ ఇంటిపేరుగా ముందు చేరింది. బుర్రకథకు ప్రాణం పోసిన షేక్ నాజర్ (1920–1997), నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా (1924–1999) అందరికీ తెలిసినవారు. ఇంటిపేరును బట్టి జాబితా వేసే పద్ధతిలో మనవారిలో ఎందరో ‘ష’ కింద ఒకే గుంపు అవుతారు. ఇటువంటివారి విషయంలో అరబీ ఉచ్చారణ చూపి పేరును ‘శుద్ధి’ చేయబూనడం తగదు. మనిషి తన పేరును తెలుగులో ఎట్లా రాసుకున్నాడో అట్లాగే ఉంచడం మర్యాద. పిఠాపురం కవి ఉమర్ ఆలీషా (1885–1945) పేరును ‘ఉమర్ అలీ షా’ అని సరిదిద్దే హక్కు మనకు లేదు.

మనం చేయవలసినది

పై చర్చ నుండి మూడు సూచనలు చేస్తున్నాను. అరబీ, ఫారసీ గ్రంథాల ద్వారా తెలిసిన మహనీయుల పేర్లు ఇంగ్లీషు మీదుగా కాక, మూలభాషనుండి నేరుగా తెలుగులోకి రావాలి. తెలుగు నేల మీద పుట్టి పెరిగినవారి పేర్లు వారు రాసుకున్నట్లు ఉండాలి. మసీదు, నమాజు, రంజాను వంటి మాటలు తెలుగులో ఎన్నడో స్థిరపడ్డాయి, వాటిని కదిలించనక్కరలేదు. ఈ మూడింటిలో ఏది పాటించినా, మిగిలిన రూపాలన్నిటికీ దారిమార్పులు ఉండాలి. తండ్రి పేరు, ఊరు, మరణించిన సంవత్సరం, మూలలిపి మొదటి వాక్యంలోనే కనిపించాలి.

గౌరవవచనాల సంగతి మిగిలింది. అన్ని మతాలవారూ, ఏ మతమూ లేనివారూ కలిసి రాసే గ్రంథంలో శీర్షిక పక్కన ‘స’ ఉండాలని పట్టుబట్టడం న్యాయం కాదని నా నమ్మకం. సలాము పలకడం చదివే విశ్వాసి బాధ్యత, దానిని ఎవరూ ఆపలేరు. పైగా మన ఇళ్లలో జరుగుతున్నది చూడండి. ఆ మహనీయుని పేరు తమ పేరుగా పెట్టుకున్నవారు ఎందరో దానిని ‘ఎం.డి.’ అని రెండు ఇంగ్లీషు అక్షరాలకు కుదించి, రేషను కార్డులలో, పెళ్లి పత్రికలలో, తలుపుల మీది పలకలలో రాసుకుంటున్నారు. మన చేతితోనే ఆ పేరును ఇంతగా కత్తిరించి, ఇతరుల శీర్షికలో గౌరవం తగ్గిందని బాధపడటంలో అర్థమేమున్నది?

ఖుర్‌ఆన్ 33వ సూరా 5వ వాక్యం మనుషులను వారి తండ్రుల పేర్లతో పిలవమని ఆదేశించి, అదే అల్లాహ్ దృష్టిలో న్యాయమైనదని చెబుతుంది. ఆ వాక్యం దత్తత విషయంలో వచ్చింది. అయినా ఒకరి సంతానాన్ని మరొకరిదిగా చెప్పరాదన్న ఆ న్యాయం ఒకరి గ్రంథానికీ, ఒకరి మాటకూ కూడా వర్తిస్తుందని హదీసు పండితులు తమ ఆచరణ ద్వారా చూపారు.

అరబీ, ఉర్దూ, తెలుగు మూడూ తెలిసినవారు మనలో తక్కువేమీ కారు. వారు నెలకు పది పేర్లు తీసుకొని, రూపాలు పోల్చి, దారిమార్పులు పెట్టి, మూలలిపి చేర్చితే చాలు. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ద్వారం తెరిచే ఉన్నది. మదరసాలలో ఉల్లేఖకుల పేర్లను కంఠస్థం చేసే విద్యార్థికి ఇంతకంటె తగిన అభ్యాసం ఉండదు. ఆ పని చేసిన తరువాత మనం చెప్పే అభ్యంతరాలకు కూడా విలువ పెరుగుతుంది.